మంచం పట్టె మీది పసుపు

మా పెద్దత్తమ్మ పోయిందన్న కబురు నాకు బోధన్‌లో అందింది. మా అన్న వాళ్లింటి వాకిట్లో కూర్చుని చెరుకు ముక్కలు తింటున్నాను. రెండు రోజులు ఉండి వద్దామని వెళ్లాను. ఫోన్‌లో మా ఆయన ఎక్కువ మాట్లాడలేదు.

"పెద్దమ్మ పోయింది. పొద్దుగాల చాయ్ తీస్కపోయి లేపిన, లేవలె. నువ్వు బయలెల్లి రా," అన్నాడు. నోట్లో ఉన్న చెరుకు ముక్కను నమలాలో ఉమ్మాలో కూడా నాకు తెలియలేదు.

నిజామాబాద్ బస్సు ముందు చెరుకు లారీ ఒకటి నిండుగా ఊగుతూ పోతోంది. దాన్ని దాటలేక బస్సు నత్తనడక నడిచింది. కిటికీ పక్కన కూర్చుని ఏడుద్దామనుకున్నాను. ఏడుపు కంటే ముందు ఒక తెల్ల అల్మారా కళ్ల ముందుకొచ్చింది. మనిషి పోతే మనిషి మొహం గుర్తు రావాలి కదా. నాకు మాత్రం అల్మారా తలుపు, దాని పిడి చుట్టూ పచ్చటి మరక, ఆ పిడిని కొంగుతో పట్టుకున్న ముసలి చెయ్యి గుర్తుకొచ్చాయి. ఆరేళ్లుగా ఆమెకు ఒక మాట చెప్పాలనుకుంటున్నాను. బోధన్ నుంచి వచ్చాక చెబుదాంలే అని ఈసారి కూడా అనుకునే ఇల్లు కదిలాను.

పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు నాలుగు మంచి మాటలు రాయడం రివాజు. ఆమె గురించి మంచి మాటలు వెతుక్కోవాల్సిన పనే లేదు. కానీ వాటితో పాటు నా చెడ్డ మాట ఒకటి ఉంది. అది రాయకుండా మిగతావి రాస్తే ఈ కాగితానికి కూడా తెల్లరంగు పూసినట్టే అవుతుంది.

పెద్దత్తమ్మ అంటే మా అత్తమ్మకు అక్క. మా అత్తమ్మను నేను చూడలేదు. మా ఆయన తొమ్మిదేళ్ల వాడప్పుడే ఆమె పోయింది. పిల్లలు లేని పెద్దత్తమ్మ చెల్లెలి కొడుకును ఏర్గట్ల దగ్గర తన ఊరికి తెచ్చుకుని పెంచింది. కొన్నాళ్లకు పెద్దమామ కూడా పోయాడు. అప్పటి నుంచి రెండెకరాల పసుపు, ఆ పిల్లవాడి చదువు, రెండూ ఆమె చేతుల మీదే నడిచాయి. మోకాళ్లు ఇక వంగమన్నాక భూమి పాలుకిచ్చి నిజామాబాద్‌లో మా దగ్గరికి వచ్చింది. ఆమెతో వచ్చిన సామాను రెండే. ఒక టేకు మంచం, ఒక టేకు అల్మారా. రెండూ ఆమె చేను గట్టున పెరిగిన చెట్టుతో ఊరి వడ్లాయన చేసినవే.

పసుపు ఇళ్ల సంగతి తెలియనివాళ్లకు ఒక ముక్క చెప్పాలి. తవ్వడం, ఉడకబెట్టడం, ఆరబోయడం, డ్రమ్ములో వేసి తిప్పి మెరుగు పెట్టడం, ఇవన్నీ అయ్యేసరికి రెండు మూడు నెలలు పడుతుంది. ఆ రోజుల్లో వాళ్ల చేతులు, మెడ మడతలు, దువ్వెన, చెంబు, అన్నీ పచ్చగానే ఉంటాయి. పెద్దత్తమ్మ నలభై ఏళ్లు అవే చేతులతో ఆ మంచం కుడి పట్టెను పట్టుకుని లేచింది. పట్టె మీద జానెడు మేర ఎప్పటికీ పోని పచ్చదనం దిగింది. అక్కడ కర్ర నాలుగు వేళ్ల మేర కొంచెం అరిగింది కూడా. అల్మారా పిడి చుట్టూ కూడా అంతే. రెండో తలుపు మాత్రం కొత్తదానిలా ఉండేది, ఎందుకంటే ఆమె ఎప్పుడూ ఒక్క తలుపే తీసేది.

నేను రుద్రూర్ దగ్గర చెరుకు రైతుల ఇంట్లో పుట్టాను. పెళ్లయిన కొత్తలో ఆమె నన్ను ఆటపట్టించని రోజు లేదు. "చెరుకోళ్ల పిల్లవు గద, నీకేం తెల్సు. మీ చేతులకు రంగంటదు, జిగటంటుతది," అనేది. నేను కూడా తక్కువ తినలేదు. "మీ ఇంట్ల పాలు తెల్లగ ఉంటయా పెద్దత్తమ్మా, అవి గూడ పచ్చగనేనా?" అని అడిగాను ఒకసారి. చాయ్ గ్లాసు కింద పెట్టి మరీ నవ్వింది. ఆమెకు నవ్వొస్తే ముందు భుజాలు కదిలేవి, తర్వాత శబ్దం వచ్చేది.

పెళ్లయిన మొదటి చలికాలం నాకు పుట్టింటి మీద బెంగ పుట్టింది. బయటికి చెప్పుకోలేదు. గానుగ రోజుల్లో మా ఊరంతా బెల్లం వాసన వస్తుంది, ఇక్కడ రావడం లేదని మాత్రం ఒకసారి అన్నాను. మర్నాడు పొద్దున ఆమె ఇంట్లో లేదు. మధ్యాహ్నం ఎండలో, ఆ మోకాళ్లతో, రెండు బస్సులు మారి రుద్రూర్ దాకా వెళ్లి మా నాన్న చేతి చెరుకు గడలు నాలుగు మోసుకొచ్చింది. గల్లీ మొదట్నుంచే నేలకు రాసుకుంటూ వచ్చే చప్పుడు వినబడింది. నేను ముక్కలు కోసి ఆమెకు ఇవ్వబోతే వద్దంది. "నాకు పండ్లేడియి పిల్లా? నువ్వు తిను, నేను సూస్త," అని ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. నేను తిన్నంతసేపూ చూసింది.

ఆమె పద్ధతులు ఆమెవి. పసుపు కొమ్మును చెవి దగ్గర పెట్టుకుని విరిచేది. టక్కుమంటే ఎండినట్టు, మెత్తగా విరిగితే ఇంకా రెండు రోజులు ఎండాలని లెక్క. అమ్మేవాడి మాట కంటే కొమ్ము మాటే నమ్మాలనేది. ప్రతి ఏడూ ఊరి నుంచి బస్తా తెప్పించి, దగ్గరుండి పట్టించి, బంధువులందరికీ పొట్లాలు కట్టేది. బోధన్‌లో మా వదినకు కట్టే పొట్లం అన్నిటికంటే పెద్దది. "వాళ్లకు పంచదార ఉన్నది, పసుపు లేదు పాపం," అనేది. ఎవరి మీదైనా కోపమొస్తే ఆ పూట వాళ్లకు రెండో గ్లాసు చాయ్ ఇచ్చేది కాదు, అంతే. ఆమె కోపం అంతకు మించి ఎప్పుడూ పోలేదు.

ఆరేళ్ల కిందట మేం ఈ ఇల్లు కట్టుకున్నాం. గృహప్రవేశానికి ఇరవై రోజులుందనగా నా కళ్లు ఆ మంచం మీద, అల్మారా మీద పడ్డాయి. కొత్త గోడలు, కొత్త టైల్స్. హాల్లోకి అడుగు పెట్టగానే కనిపించేది పెద్దత్తమ్మ గది. అందులో ఈ పచ్చ మరకల సామాను. మా పుట్టింటివాళ్లు వస్తారు, మా వదిన వస్తుంది. మా వదిన వాళ్లింట్లో పడకగది సామానంతా ఒకే రంగు, ఒకే జత. ఎవరూ ఏమీ అనకముందే నాకు నామోషీగా అనిపించింది. కొత్తవి కొందామంటే పెద్దత్తమ్మ ఒప్పుకోదు. అప్పుడే ఫోన్‌లో ఒక వీడియో చూశాను. ఒకమ్మాయి పాత బీరువాకు పాలలాంటి తెల్లరంగు వేసి, పిడులు మార్చి, పక్కన పూలకుండీ పెట్టింది. చూస్తే అంగట్లోంచి అప్పుడే తెచ్చినట్టుంది. ఇంతేనా, నేను చెయ్యలేనా అనుకున్నాను.

పెద్దత్తమ్మకు చెబితే సంతోషంగానే ఒప్పుకుంది.

"ఏసుకో బిడ్డా, ఎవలు వద్దన్నరు? గని ముందుగాల నాలుగొద్దులు ఎండల పెట్టు. పసుపు కడిగితే పోదు, గీకితే పోదు. ఎండకే పోతది. గది పోయినంక రంగేస్తే నిలుస్తది," అంది.

అప్పుడు మేమున్న అద్దె ఇంటి మేడ మీదికి ఓనరు వాళ్లు మమ్మల్ని రానివ్వరు. ఎండలో పెట్టాలంటే గల్లీలోనే పెట్టాలి.

"వాకిట్ల మంచమెట్ల పెడ్త పెద్దత్తమ్మా? గల్లీల అందరు సూస్తరు. ఇంట్ల ఎవరో పోయిండ్రనుకుంటరు," అన్నాను.

ఆమె భుజాలు కదిలాయి. "పోయినంక ఎండల పెడితే మంచానికేం లాభం పిల్లా? బతికున్నప్పుడు పెట్టాలె గని."

నా అసలు భయం అది కాదు. ఆ మరకలను గల్లీవాళ్లు నాలుగు రోజులు చూస్తారు, చెరుకోళ్ల బిడ్డ ఇలాంటి మంచాలున్న ఇంట్లో ఉంటోందా అనుకుంటారు, అదీ నా బాధ. ఆ మాట ఆమెతో అనలేక దాన్ని చావు మీదికి నెట్టాను. ఇప్పుడు ఇది రాస్తుంటే చెయ్యి ముందుకు సాగడం లేదు.

మర్నాడు పసుపు తవ్వకాలు మొదలయ్యాయని ఆమె ఏర్గట్ల వైపు వెళ్లిపోయింది. భూమి పాలుకిచ్చినా తవ్వకం రోజుల్లో గట్టు మీద కూర్చోకపోతే ఆమెకు తోచదు. వెళ్తూ గడప దగ్గర ఆగి, "ఎండ సంగతి మర్వకు," అంది. "సరే," అన్నాను.

ఆమె బస్సెక్కిందో లేదో నేను వరండాలో పని మొదలుపెట్టాను. గరుకు ఎమిరీ కాగితంతో అరగంట రుద్దాను. భుజం లాగింది. మరక అలాగే ఉంది. రంగేస్తే అదే పోతుందని ఊరుకున్నాను. కొత్త ఇంటి గోడలకు వాడగా మిగిలిన పుట్టీ సగం సంచి ఉంది. దాన్ని కలిపి కర్ర పగుళ్లకు, అరిగిన చోట్లకు, మరకల మీదికి మందంగా పూశాను. పొద్దున లేచి చూస్తే పసుపున్న చోటల్లా పుట్టీ ఎర్రబడింది. పుట్టీ మంచిది కాదని తిట్టుకున్నాను. దాని మీద రెండు పూతలు తెల్లరంగు వేశాను.

చూడ్డానికి ఎంత బాగుందో చెప్పలేను. మా ఆయన కూడా వచ్చి రెండడుగులు వెనక్కి వేసి చూశాడు. నాలుగు రోజులకు అల్మారా పిడి దగ్గర లేత నీడలా ఏదో తేలింది. ఇంకో పూత వేశాను. మళ్లీ తేలింది. మళ్లీ వేశాను. గృహప్రవేశానికి రెండు రోజుల ముందు సామాను కొత్త ఇంటికి చేర్చాం.

పెద్దత్తమ్మ గృహప్రవేశం నాటి పొద్దున మొదటి బస్సుకు ఏర్గట్ల నుంచి నేరుగా కొత్త ఇంటికి వచ్చింది. చేతులు మణికట్టు దాకా పచ్చగా ఉన్నాయి. తన గదిలోకి వెళ్లి రెండు చేతులూ వెనక్కి కట్టుకుని మంచం చుట్టూ ఒకసారి నడిచింది. అంటుతుందేమోనని కొంగు కూడా దగ్గరికి లాక్కుంది. "మంచిగ చేసినవ్ బిడ్డా. నేను దీని మీద పండుకోవాల్నా, నీయమ్మ, నిద్ర వడ్తదో లేదో," అని నవ్వింది. ఎండలో పెట్టావా అని అడగలేదు.

దిష్టి తీసే ఎర్రనీళ్లు కలపమని వంటింట్లో ఎవరో ఆమెకే చెప్పారు. దిగదుడిచేది ముత్తైదువలు, కలిపేది మాత్రం ఆమే. పళ్లెంలో నీళ్లు పోసి పసుపు వేసింది. అందులో చిటికెడు సున్నం వేసి వేలితో తిప్పింది. నీళ్లు ఎర్రబడ్డాయి. నేను పక్కనే నిలబడి చూస్తున్నాను. చిన్నప్పటి నుంచి వంద పళ్లాలు చూసుంటాను. పసుపుకు సున్నం తగిలితే ఎర్రనవుతుందని తెలియని ఆడపిల్ల ఈ జిల్లాలో ఉండదు. పుట్టీలో ఉన్నది కూడా అలాంటి సున్నపు ఘాటే అని అప్పుడు నాకు తట్టింది. తప్పు పుట్టీది కాదు, రంగుది కాదు, నాది. అది తెలిసిన కొన్ని గంటల్లోపే నేను ఆ చెడ్డ మాట అన్నాను. తెలియక చేశానని చెప్పుకునే దారి కూడా నాకు లేదు.

భోజనాల తర్వాత మా వదిన ఇంకో ఇద్దరితో కలిసి ఇల్లు చూస్తూ ఆ గదిలోకి వచ్చింది. నేను వెనకాలే ఉన్నాను. తలుపు పక్కన కుర్చీలో పెద్దత్తమ్మ భక్షాలు తింటోంది. అప్పటికి అల్మారా పిడి చుట్టూ, మంచం పట్టె మీద మరకలు స్పష్టంగా తేలి ఉన్నాయి. పచ్చగా, అంచుల్లో ఎర్రగా, అచ్చం ఎవరో అరచెయ్యి పెట్టినట్టు.

"ఇదేంది, గింత తెల్లగ ఏసినవ్, అప్పుడే మరకలేంది?" అంది వదిన.

"మా పెద్దత్తమ్మ ఆరకముందే చెయ్యి వెట్టింది వదినా. ఎన్నిసార్లు చెప్పినా ఇనదు," అన్నాను.

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. రంగు ఆరిన పదిహేను రోజులూ ఆమె ఈ ఊళ్లోనే లేదు. ఆ సంగతి నాకు తెలుసు, ఆమెకు తెలుసు. వచ్చినవాళ్లకు తెలియదు. వాళ్లు ఆమె చేతుల వైపు చూశారు. ఆ చేతులు చూశాక ఎవరికి అనుమానం వస్తుంది?

పెద్దత్తమ్మ కూడా తన చేతులు చూసుకుంది. తర్వాత నా వైపు చూసింది. కోపంగా కాదు. చంటిపిల్ల ఏదో పారబోస్తే అందులో కాలు పెట్టకుండా ఎటు నడవాలా అని చూసినట్టు చూసింది.

"అవు, నేనే వెట్టిన. ముసలిదాన్ని, సోయుంటలేదు," అంది.

"పసుపోళ్ల చేతులు గట్లనే ఉంటయి," అని ఒకామె నవ్వింది. వదిన నవ్వింది. నేను నవ్వాను. పెద్దత్తమ్మ కూడా నవ్వింది, కానీ భుజాలు కదల్లేదు. సగం తిన్న భక్షం పళ్లెంలో పెట్టి, చేతులు కొంగు కిందికి తీసుకుంది.

ఆ సాయంత్రం మా ఆయన చెవిన ఈ మాట పడింది. "పెద్దమ్మా, నువ్వు ఊర్ల ఉంటివి గద, ఎప్పుడు చెయ్యి వెట్టినవ్?" అని నా ముందే ఆమెను అడిగాడు.

"నువ్వూకో. ఆడోళ్ల ముచ్చట నీకెందుకు?" అని ఆమె అతన్ని పంపించేసింది. నాకు చాయ్ పెట్టి ఇచ్చింది. కాసేపాగి, అడగకుండానే రెండో గ్లాసు కూడా ఇచ్చింది. ఆ రోజు నాకు ఇవ్వకుండా ఉండి ఉంటే నేను కొంచెం తేరుకునేదాన్నేమో.

మర్నాటి నుంచి ఆమె అల్మారాను కొంగుతో తీయడం మొదలుపెట్టింది. కుడి చేతికి కొంగు చుట్టుకుని పిడి పట్టుకుని తలుపు తీసేది. బట్ట తీసుకుని మళ్లీ కొంగుతోనే మూసేది. మంచం మీంచి లేవాలంటే పట్టె పట్టుకునేది కాదు, ఎడమ పక్క గోడకు మోచెయ్యి ఆనించి లేచేది. చుట్టాలొస్తే చేతులు ఒళ్లో పెట్టుకుని, పైన కొంగు కప్పుకుని కూర్చునేది. ఆమె చేతులు అందరికంటే ముందు కదిలేవి అంతకు ముందు. పెళ్లిళ్లలో వడ్డనకు మొదట లేచేది ఆమే. అదీ మానేసింది.

నేను చూశాను. ఆరేళ్లు రోజూ చూశాను. చూడలేదని చెప్పుకోవడానికి ఇల్లు అంత పెద్దది కూడా కాదు. నేను చేసిందల్లా ఏడాదికోసారి దసరా ముందు ఆ మరకల మీద ఇంకో పూత తెల్లరంగు వెయ్యడం. నేను రంగు వేస్తుంటే ఆమె గడప బయట కూర్చుని మాట్లాడుతూ ఉండేది. ఎండ మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఈ ఇంటికి మా సొంత మేడ ఉంది, దాని మీద కావలసినంత ఎండ ఉంది. పెట్టొచ్చు. పెడితే ఆమె మాటే నిజమని, నేను అబద్ధమాడానని ఒప్పుకున్నట్టవుతుందని పెట్టలేదు. ఎవరి ముందు ఒప్పుకోవడమో నాకే తెలియదు. తెలియాల్సిన ఆమెకు ఎప్పుడో తెలుసు.

రెండేళ్ల కిందట ఒక మధ్యాహ్నం ఆమె గదిలో ధబ్బుమని చప్పుడైంది. మంచం మీంచి లేవబోయి పడింది. గోడకు ఆనించిన మోచెయ్యి జారింది. మణికట్టు వాచింది. నేను పసుపు, ఉప్పు వేడి చేసి పట్టు వేస్తూ, "పట్టె వట్టుకోని లేవొచ్చు గద పెద్దత్తమ్మా," అన్నాను.

"ఖరాబైతది బిడ్డా," అంది.

నా చేతిలో ఆమె చెయ్యి ఉంది. ఇద్దరి వేళ్లూ పచ్చగా ఉన్నాయి. "పెద్దత్తమ్మా, ఆ రోజు నేను..." అన్నాను. ఆమె తలెత్తింది. అప్పుడే వంటింట్లో కుక్కర్ కూత వేసింది. నేను లేచి వెళ్లిపోయాను. పప్పు మాడితే మాడేది. ఒక్క కుక్కర్ పప్పు కోసం ఆ మాట వదిలేసి లేచిపోయాను. తిరిగొచ్చేసరికి ఆమె కట్టు తానే కట్టుకుని, "పప్పయిందా?" అని అడిగింది. తర్వాత నేను మళ్లీ మొదలుపెట్టలేదు, ఆమె అడగలేదు.

అంత జరిగినా ఆమె నాతో మారలేదు. నాకు జ్వరమొస్తే తలాపున కూర్చునేది. నా జడ వేస్తే ఆమే వెయ్యాలి. కాకపోతే నా జాకెట్టు లేత రంగుదైతే ముందు భుజాల మీద తువ్వాలు కప్పేది. ప్రతి ఏడూ మా వదినకు పెద్ద పొట్లం మాత్రం తప్పలేదు. కోపం పెట్టుకుంటుందేమో, ఒక మాట అంటుందేమో, అంటే నేను ఏడ్చి ఒప్పేసుకుందామని నేను చాలాసార్లు ఎదురుచూశాను. ఆమె ఆ అవకాశం ఇవ్వలేదు. ఇవ్వాల్సిన పని ఆమెది కాదని ఇప్పుడు తెలుస్తోంది.

బోధన్ బస్సు దిగి ఇంటికి చేరేసరికి ఆమెను హాల్లో పడుకోబెట్టారు. చేతులు పొట్ట మీద కలిపి ఉన్నాయి. ఇది పసుపు తవ్వే కాలం. ఈసారి ఊరికి వెళ్లలేదు కాబట్టి చేతులు తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి. ఆ చేతుల్ని పట్టుకుని చెప్పాను, ఆ రోజు నువ్వు ముట్టుకోలేదని. చుట్టూ ఏడుస్తున్న ఆడవాళ్లు ఏదో దుఃఖంలో అంటోందనుకున్నారు.

మూడో రోజు పెద్దవాళ్లు, పోయినామె మంచం కడిగి ఎండలో పెట్టాలన్నారు. పదకొండో రోజు దాటేదాకా లోపలికి తేకూడదన్నారు. నేనూ మా ఆయనా మేడ మీదికి మోసుకెళ్లాం. కొబ్బరి పీచుతో పట్టెను రుద్దుతుంటే ఒక చోట రంగు పెళ్లగా లేచింది. కింద పుట్టీ, దాని కింద కర్ర. వంటింటి కత్తి తెచ్చుకుని కూర్చుని ఆరేళ్ల రంగు మొత్తం ఆ పట్టె వరకూ గీకేశాను. జానెడు మేర పసుపు, నాలుగు వేళ్ల అరుగుదల, ఎక్కడున్నవి అక్కడే ఉన్నాయి. నా వేళ్లు అందులో పెట్టి చూశాను. ఆమె వేళ్లు నా వేళ్ల కంటే లావు. మంచం అక్కడే వదిలి కిందికి వచ్చాను. చుట్టాలు, వంటలు, పనులు. మళ్లీ పైకి వెళ్లలేదు.

ఏడో రోజు మా వదిన పరామర్శకు వచ్చింది. చాయ్ ఇచ్చి ఆమె ఎదురుగా కూర్చున్నాను. ఇక ఎవరి ముందైనా చెప్పకపోతే నేను బతకలేననిపించింది.

"వదినా, మా గృహప్రవేశం నాడు అల్మారాకు మరకలున్నయని అడిగినవ్ గద. పెద్దత్తమ్మ చెయ్యి వెట్టిందని చెప్పిన. అబద్ధం. ఆమె అప్పుడు ఈడనే లేకుండె. తప్పు నాది," అన్నాను.

వదిన గ్లాసు పట్టుకుని నా మొహంలోకి చూసింది. గుర్తు చేసుకోవడానికి నిజంగానే ప్రయత్నించింది.

"ఏ మరకలే? నాకు యాదికే లేదు. ఆమె పంపిన పసుపు మాత్రం ఇంకా ఉన్నది మా ఇంట్ల," అంది.

ఎవరి కళ్లకు భయపడి ఆ మాట అన్నానో, ఆ కళ్లకు అది గుర్తే లేదు. ఆరేళ్లూ దాన్ని గుర్తు పెట్టుకుని, కొంగు చుట్టుకుని మోసింది ఒక్క ఆమే.

నేను లేచి మేడ మీదికి వెళ్లాను. మధ్యాహ్నం దాటింది. నాలుగు రోజుల ఎండ కాసింది. ఆమె చెప్పింది చెప్పినట్టే జరిగింది. పట్టె మీద పసుపు సగానికి పైగా పోయింది. తలాపు వైపు మామూలు టేకు కర్ర తేలింది. బొటనవేలు ఆనే చోట, కాళ్ల వైపు మాత్రం ఇంకా కాస్త పచ్చదనం మిగిలి ఉంది.

మంచాన్ని లోపలికి తేవడానికి లేదు, ఇంకా నాలుగు రోజులుంది. ఒక్కదాన్నే మంచం కోళ్లు పట్టి ఈడ్చి నీళ్ల ట్యాంకు నీడలోకి చేర్చాను. గంట తిరిగేసరికి నీడ జరిగింది. మళ్లీ ఈడ్చాను. కింద నుంచి మా ఆయన, "పైనేం చేస్తున్నవే?" అని అరిచాడు. ఏమీ లేదన్నాను. పదకొండో రోజు దాకా నా పని అదే అయింది. పొద్దున్నే పైకి వెళ్లడం, నీడ ఎటు జరిగితే మంచాన్ని అటు ఈడ్చడం, మధ్యాహ్నం నీడ ట్యాంకు కిందికి పోయి ఒక్క చారెడే మిగిలినప్పుడు, పట్టెకు అడ్డంగా ఎండలో నేనే కూర్చోవడం.